ఉప్పుగాలిలో తాతగారి బండి

కాశీబుగ్గ బజారులో పాత అంబాసిడర్ ఒకటి ఆగిందంటే పక్క కొట్లోంచి ఎవరో ఒకరు బయటికొస్తారు. బానెట్ మీద చెయ్యి వేసి "ఇంకా ఉందేటి ఈ బండి!" అంటారు. తర్వాత ధర అడుగుతారనుకుంటాం గానీ, ముందు అడిగేది ఏ ఊరు, ఎవరి తాలూకు అని. ఒకప్పుడు ఈ వైపు కార్లు ఎంత తక్కువంటే, బండి రంగు చెబితే ఇల్లు తెలిసిపోయేది.

పలాస, టెక్కలి, మందస, సోంపేట, కవిటి చుట్టుపక్కల అలాంటి బళ్లు ఇంకా కొన్ని మిగిలాయి. నడిచేవి కొద్ది. తక్కినవి పెంకుటింటి వసారాలో, కొబ్బరికాయల గుట్ట పక్కన, పాత తలుపులూ చిరుగు పరుపులూ మీద వేసుకుని పడున్నాయి. తండ్రి పోయాక కొడుకులు, కూతుళ్లు విశాఖ నుంచీ హైదరాబాదు నుంచీ వచ్చి పంపకాలకు కూర్చున్నప్పుడు ఆ బండి మాట వస్తుంది. తుక్కుకి ఇచ్చేద్దామని ఒకరంటారు. నాన్నగారి బండి, ఉండనిద్దామని ఇంకొకరంటారు. ఉండనివ్వడమంటే ఏమిటో మాత్రం ఎవరూ చెప్పరు. తాళం వేసిన షెడ్డులో ఉంచడమా, లక్షలు పోసి కొత్తదానిలా చేయించడమా, వారానికోసారి సంతకు తీసుకెళ్లడమా?

నా మాట ముందే చెప్పేస్తాను. మన తీరంలో పాత కుటుంబ వాహనాన్ని కాపాడటమంటే దాన్ని నడుస్తూ ఉంచడం. మెరుగులు తర్వాత. సంగతేమిటంటే చట్టమూ, పాత బళ్ల మార్కెట్టూ, ఉప్పుగాలీ మూడూ మనల్ని దానికి ఎదురు దారిలోకి తోస్తున్నాయి.

కుటుంబ వాహనమంటే కారేనన్న లెక్క పట్నంలో పుట్టింది. మన ఈ ప్రాంతానికి ఉన్న ఉద్దానం అన్న పేరే ఉద్యానవనం నుంచి వచ్చిందంటారు. ఇసుక నేలల్లో కొబ్బరి, జీడిమామిడి, పనస. ఆ తోటల సరుకును తరాల తరబడి ఇంటికీ సంతకీ చేర్చింది ఎడ్లబండి. ఇరుసు అరిగితే ఇరుసు, చక్రపు ఆకు విరిగితే ఆకు, పైనున్న ఇనుప పట్టా వదులైతే మళ్లీ కాల్చి బిగించడం. వడ్రంగీ కమ్మరీ కలిసి సగం బండి మార్చేసినా అది తాత బండిగానే ఉండేది. తీరంలో మత్స్యకారుల ఇళ్లకు పడవే ఆస్తి, పడవే బండి. ఫైబరు పడవలు రాకముందు కోరమండల్ తీరమంతా వాడిన మసూలా పడవకు మేకు ఉండేది కాదు. పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవారు. కెరటం ఒడ్డున విసిరికొడితే మేకు ఊడుతుంది, కుట్టు సాగి సర్దుకుంటుంది. తాడు చివికితే విప్పి మళ్లీ కుట్టడమే. జీడిపిక్కల తొక్క నుంచి దిగే నూనెను పడవ చెక్కకు, వలలకు పట్టించడం తీరప్రాంతాల్లో పాత వాడుక. అసలు వస్తువు ఏది, మార్చిన భాగం ఏది అన్న చర్చ లేకుండానే తరతరాలు బతికించుకునే పద్ధతి మోటారు రాకముందే ఇక్కడుంది. పాత కారు దగ్గరికి వచ్చేసరికి మనం దాన్ని మరిచిపోయాం.

మోటారు బళ్ల కన్నా ముందు ఇక్కడి జనాన్ని మోసిన ఇంకో బండి నౌపడ బుల్లిరైలు. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ రెండున్నర అడుగుల గేజి లైను 1900లో మొదలైంది, 1931లో గుణుపురం దాకా సాగింది. టెక్కలి, పాతపట్నం మీదుగా సంతలకీ పెళ్లిళ్లకీ ఆస్పత్రులకీ జనం అందులోనే వెళ్లారు. 2004లో బ్రాడ్‌గేజి పనికోసం దాన్ని ఆపారు. ఇప్పుడు పెద్ద రైలు నడుస్తోంది, మంచిదే. పాత ఆవిరి ఇంజన్లలో కొన్నింటిని రైల్వేవారు రంగులు వేసి ప్రదర్శనకు నిలబెట్టారు. అలా నిలబెట్టిన ఇంజను ముందు పిల్లలు ఫొటో దిగుతారు. అది ఎలా కూసేదో, మలుపులో ఎలా ఊగేదో చెప్పాలంటే అందులో ప్రయాణం చేసిన ముసలివాళ్లే చెప్పాలి.

ఇక కార్లు. హిందుస్థాన్ మోటార్స్ ముందు ల్యాండ్‌మాస్టర్, 1950ల చివర్లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా అంబాసిడర్ తెచ్చింది. ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో అది 2014 మే దాకా తయారైంది. బొంబాయి నుంచి ఫియట్ 1100, తర్వాత అదే ప్రీమియర్ పద్మినిగా వచ్చింది. మద్రాసు స్టాండర్డ్ కంపెనీ హెరాల్డ్ తెచ్చింది. మన వైపు ఇవి బుగతల ఇళ్లకూ, డాక్టర్లకూ, జీడిపప్పు వ్యాపారులకూ చేరాయి. ప్లెజరు కారు అనేవారు. అయితే ఇసుక బాటల్లో తోటల్లోకి, సముద్రపు ఒడ్డు ఊళ్లకు వెళ్లగలిగింది మహీంద్రా జీపే. పగలు జీడిపిక్కల బస్తాలు, రాత్రి పురిటి నొప్పుల మనిషి, పెళ్లి రోజున పెళ్లికొడుకు. ఒకే బండి ఇన్ని పనులు చేసిన ఇల్లు నిజంగా దాన్ని మనిషిలాగే చూసుకుంది.

కార్ల కన్నా ఎక్కువ ఇళ్ల జ్ఞాపకాల్లో ఉన్నది స్కూటరు. ఇటలీ వెస్పా ఒప్పందం ముగిశాక 1972లో బజాజ్ చేతక్ వచ్చింది. ఏళ్ల తరబడి బుకింగులో ఎదురుచూసి తెచ్చుకున్న బండి అది. కట్నంలో అడిగిన బండి కూడా అదే, ఆ చేదును దాచనక్కర్లేదు. ముందు నిలబడ్డ పిల్లాడు, వెనక పక్కకు కూర్చున్న అమ్మ, ఒళ్లో చంటిబిడ్డ: ఉద్యోగస్తుల కుటుంబం మొత్తం ఆ రెండు చిన్న చక్రాల మీద సోంపేట నుంచి పలాసకు సినిమాకు వచ్చేది. హైదరాబాదు ఆల్విన్ పేరుతో వచ్చిన పుష్పక్ అప్పటి మన రాష్ట్రపు స్కూటరు. 1955 నుంచి మద్రాసులో తయారైన బుల్లెట్, మైసూరు జావా, యెజ్డీ, ఎస్కార్ట్స్ రాజ్‌దూత్, తర్వాత లూనా, టీవీఎస్ 50. ఇక జీడి ఫ్యాక్టరీ కూలీ ఇంట్లో తరతరాల వాహనమంటే సైకిలే. వెనక క్యారియరు, డైనమో దీపం, తండ్రి పేరు చెక్కించిన బెల్లు. దాన్ని వింటేజి అని ఎవరూ అనకపోవచ్చు. నా లెక్కలో అదీ ఈ కోవలోనిదే.

ఇప్పుడు అసలు శత్రువు దగ్గరికి వద్దాం. పాత బండి ఎక్కడైనా తుప్పు పడుతుంది. మన దగ్గర పట్టే తీరు వేరు. సముద్రం మీది నుంచి వచ్చే గాలి సన్నటి ఉప్పును తెచ్చి ఇనుము మీద పొరలా పరుస్తుంది. ఉప్పు తేమను పిలుస్తుంది. మధ్యాహ్నం ఎండకు ఆరినట్టే ఉన్న రేకు తెల్లవారుజామున మంచుకు మళ్లీ తడుస్తుంది. తడి తగిలిన ప్రతిసారీ ఉప్పు తన పని చేసుకుపోతుంది. నౌపడ ఉప్పుమడుల దగ్గర తిరిగిన లారీ అడుగుభాగం చూస్తే ఈ సంగతి బోధపడుతుంది. పైన రంగు బాగానే ఉంటుంది, కింద చెయ్యి పెడితే రేకు పొరలు పొరలుగా రాలుతుంది.

ఏ బండి ఎంత తొందరగా ఓడిపోతుందన్నది దాని కట్టుబడిని బట్టి ఉంటుంది. జీపుకు కింద నిచ్చెనలాంటి చట్రం, దాని మీద బోల్టులతో బిగించిన బాడీ. తుప్పు పట్టిన బాడీ రేకును మార్చుకుంటూ పోవచ్చు, చట్రం నిలిస్తే బండి నిలుస్తుంది. హెరాల్డ్‌కూ చట్రం వేరుగానే ఉంటుంది. అంబాసిడర్, పద్మిని అలా కావు. వాటికి విడిగా చట్రం లేదు. ఫ్లోరు, తలుపుల కిందుండే పెట్టెల్లాంటి దూలాలు, పైకప్పు అన్నీ కలిసి బరువు మోస్తాయి. ఆ దూలాల లోపల నీరు చేరితే బయటికి కనపడదు. తలుపు మూసేటప్పుడు కాస్త ఎత్తి మూయాల్సి వస్తోందంటే నడుము కుంగుతోందని అర్థం. స్కూటర్లలోనూ ఇదే తేడా. లాంబ్రెట్టా, విజయ్ సూపర్ లాంటివి గొట్టం మీద రేకులు తొడిగినవి. చేతక్ మొత్తం ఒకే రేకు పెంకు. కాళ్లు పెట్టుకునే చోట చిల్లు పడిందంటే అది బండి వెన్నుకు పడిన చిల్లే.

అందుకే పాత బండి కొనేవాళ్లకు, పంపకంలో వచ్చిన బండిని చూసుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఇంజను సంగతి చివర చూడండి. అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజను, పద్మిని 1089 సీసీ ఇంజను మొండి సరుకు. బ్లాకు పగలకపోతే చాలు, లేత్ షాపులో బోరింగు చేయించి పిస్టన్లు, రింగులు మార్చుకోవచ్చు. ముందు చూడాల్సింది రేకు. ఒక చిన్న అయస్కాంతం, ఒక స్క్రూడ్రైవరు చాలు. అయస్కాంతం అంటుకోని చోట రంగు కింద ఉన్నది పుట్టీ. స్క్రూడ్రైవరు మొనతో దూలం కింద నొక్కితే లోపలికి దిగబడిందంటే టింకరింగు ఖర్చు ఇంజను ఖర్చును మించిపోతుంది. వెనక కమాను కట్టలు బాడీకి కలిసే చోటు, బ్యాటరీ కింద భాగం, ముందు అద్దం రబ్బరు కింది అంచు కూడా చూడాలి. ఈ మూడు చోట్లా నీరు నిలుస్తుంది.

తుప్పును గోకి, రెడ్ ఆక్సైడు పూసి, పైన పుట్టీ పెట్టి మెరిపిస్తే ఆ మెరుపు ఒకటి రెండు వానాకాలాలు ఉంటుంది. కుళ్లిన రేకును కోసి, కొత్త రేకు వెల్డింగు చేయాలి, లోపలి వైపు కూడా మైనంలాంటి పూత వెళ్లాలి. ఇది కనపడని పని. కనపడని పనికి డబ్బివ్వడానికి చాలామందికి మనసొప్పదు. అక్కడే బండ్లు పోతున్నాయి.

చట్టం దగ్గరికి వస్తే ముందు ఒక భయం తీర్చాలి. పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండి రోడ్డెక్కకూడదన్నది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతపు నిబంధన. మన రాష్ట్రంలో సొంత వాహనానికి అలాంటి వయసు నిషేధం లేదు. ఆ వార్త విని తాతగారి కారును తుక్కుకు తోలినవాళ్లు ఉంటే అది అనవసరంగా జరిగిన నష్టం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి బండిని చూపించి పొడిగించుకోవాలి. పొడిగింపు రుసుము మాత్రం బాగా పెరిగింది. 2025 ఆగస్టు సవరణతో 20 ఏళ్లు దాటిన మోటారు సైకిలుకు 2,000 రూపాయలు, కారుకు 10,000 అయింది.

పాత బండ్లను గౌరవించడానికి కేంద్రం 2021 జులైలో వింటేజి నిబంధనలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత రెండు చక్రాల, నాలుగు చక్రాల వాహనాలకు వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. 2022 నుంచి వింటేజిగా నమోదైన కారుకు థర్డ్ పార్టీ బీమాలో సగం రాయితీ ఉంది. ఇవన్నీ మంచివే. కానీ లెక్క వేసి చూడండి. 1984లో కొన్న చేతక్‌కు 1999లో మొదటి పొడిగింపు. ఆ తర్వాత 2004, 2009, 2014, 2019, 2024, 2029. ఏడుసార్లు కార్యాలయం మెట్లెక్కి నెగ్గితే 2034లో అది వింటేజి అవుతుంది. 15 నుంచి 50 దాకా, ఈ 35 ఏళ్ల మధ్యలో బండికి గౌరవమూ లేదు, రాయితీ కూడా లేదు. కుటుంబ వాహనాలు చచ్చిపోయేది సరిగ్గా ఈ మధ్యకాలంలోనే. కొన్న మనిషి పోతాడు, పిల్లలు ఊరు విడుస్తారు, పొడిగింపు తేదీ దాటిపోతుంది.

ఇంకో ముడి ఉంది. వింటేజి గుర్తింపుకు బండి అసలు రూపంలో ఉండాలి. చట్రంలో, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. ఖర్చు తట్టుకోలేక పెట్రోలు ఇంజను దించి డీజిలు ఇంజను ఎక్కించిన అంబాసిడర్లు, జీపులు మన జిల్లాలో ఎన్నో. ఆ కుటుంబం ఆ మార్పు వల్లే బండిని నిలుపుకోగలిగింది. చట్టం కంట్లో మాత్రం అదే అనర్హత. పైగా గుర్తింపు వచ్చాక బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించడానికి, మరమ్మతుకు తప్ప మామూలుగా వాడకూడదు. అమ్మమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లిన కారులో మనవరాలి పెళ్లి ఊరేగింపు చేస్తామంటే ఆ జాబితాలో చోటు లేదు.

బయటి దేశాల్లో గీత ఇంత దూరాన లేదు. 1966లో మొదలైన అంతర్జాతీయ పాతవాహనాల సమాఖ్య ఫీవా 30 ఏళ్లకే చారిత్రక వాహనం అంటుంది. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన బండికి రోడ్డు పన్ను లేదు, పెద్ద మార్పులు చేయకపోతే ఏటేటా జరిగే పరీక్షా అక్కర్లేదు, రోడ్డు మీద మామూలుగా తిరగొచ్చు. మన దగ్గర కూడా 30 ఏళ్లకు ఒక మెట్టు ఉండాలి. తక్కువ రుసుము, ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని ఒక హద్దు, బ్రేకులు, లైట్లు, పొగ మీద గట్టి పరీక్ష. అప్పుడు పద్మినీలు, చేతక్‌లు, రాజ్‌దూత్‌లు 50 ఏళ్ల దాకా బతికి వెళ్తాయి.

ఈలోగా కాగితాల సంగతి. యజమాని చనిపోతే 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి, మూడు నెలల్లో ఫారం 31తో వారసుడి పేరుకు మార్పించాలి. దినాలు అయ్యాక పొలం పాసుపుస్తకం గుర్తుంటుంది, బండి ఆర్‌సీ గుర్తుండదు. సరిహద్దు ఊళ్ల కథ ఇంకా చిక్కు. ఇచ్ఛాపురం, కవిటి వైపు బరంపురంలో కొన్న బళ్లు తరాలుగా తిరుగుతున్నాయి. వేరే రాష్ట్రంలో నమోదైన బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే, అక్కడి నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తెచ్చి ఇక్కడ నంబరు వేయించాలి. ఓఆర్‌జీ అని మొదలయ్యే గంజాం జిల్లా పాత ప్లేటు మీద మమకారం ఉన్నవాళ్లను నేనెరుగుదును. ఆ ప్లేటును ఇంట్లో గోడకు తగిలించుకోండి, బండిని మాత్రం చట్టానికి దొరక్కుండా చూసుకోండి.

అసలు రూపం అన్న మాట మీద కాసేపు ఆగాలి. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం తాలూకు 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం ఆర్డరిచ్చాడు, బండి తయారయ్యేలోపే పోయాడు. ఊరేగింపులకు తప్ప దాదాపు కదలని కారు కనుక దాన్ని ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజులా తీర్చిదిద్దడంలో న్యాయం ఉంది. 1932లో 27 బస్సులతో మొదలైన నిజాం రోడ్డు రవాణా శాఖ ఆల్బియన్ బస్సును హైదరాబాదులో దక్కన్ క్వీన్ పేరుతో కాపాడారు, అది చూసినప్పుడు నాకు నిజంగా సంతోషం కలిగింది. వాటి వెనక సంస్థలున్నాయి. మన వసారాలోని బండికి ఇంటివాళ్లు, ఊళ్లో మేస్త్రీ తప్ప ఎవరూ లేరు. దాని చరిత్ర కూడా ఫ్యాక్టరీ గేటు దాటిన రోజుతో ఆగిపోలేదు. కొబ్బరి బస్తా ఒరుసుకున్న గీత, తాత అద్దానికి అంటించిన సింహాచలం అప్పన్న బొమ్మ, డ్యాష్‌బోర్డు మీద కొట్టించిన ఫ్యాను స్విచ్చు కూడా ఆ బండివే.

ఫీవావారి ట్యూరిన్ చార్టర్ ఈ విషయంలో మన కమ్మరికి దగ్గరగా మాట్లాడింది. ఉన్నదాన్ని ఉన్నట్టు నిలపడం ముందు, తప్పనిసరైతేనే పునరుద్ధరణ, చేసిన మార్పును రాసి పెట్టడం. వాడుకలో పడిన గుర్తులు కూడా విలువైనవేనని ఒప్పుకుంది. మన దగ్గర పాత బళ్ల వ్యాపారం దీనికి పూర్తిగా ఉల్టా. తళతళలాడే ఎర్ర రంగు, కొత్త క్రోము, కొత్త రెగ్జిను సీట్లు ఉంటేనే ధర. వానల్లో ఎండల్లో వెలిసిన అసలు రంగును ఒక పూటలో గీకేసి, మళ్లీ ఎప్పటికీ తెచ్చుకోలేని దాన్ని పోగొట్టుకుంటున్నాం. రంగు వేయించొద్దని నేననను, ఉప్పుగాలిలో రంగే కవచం. అసలు రంగు ఎక్కడో ఒక చోట, డిక్కీ మూత లోపలో, డ్యాష్‌బోర్డు కిందో, అరచేతంత వదిలెయ్యమంటాను.

పనిచేసే చేతుల గురించి చెప్పకుండా ఈ సమీక్ష పూర్తికాదు. జాతీయ రహదారి వెంట మెకానిక్ షెడ్లకు లోటు లేదు, కానీ కంప్యూటరు పెట్టి తప్పు పట్టుకునే కుర్రాళ్లకు కార్బురేటరు చప్పుడు వినడం రాదు. అది వాళ్ల తప్పు కాదు, నేర్పే బండి లేదు. పాయింట్ల మధ్య గ్యాపు చూడటం, చోకు లాగి ఇంజను వేడెక్కేదాకా ఓపిక పట్టడం, గేరు చక్రాల రొదను బట్టి అరుగుదల చెప్పడం తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు అరవై దాటారు. వాళ్ల పక్కన ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టి, మీ బండి మీద పని నేర్పించమని అడగండి, ఆ రోజు కూలి మీరివ్వండి. విడిభాగాలు ఇంకా దొరుకుతాయి. అంబాసిడర్ టాక్సీగా ఎంతో కాలం తిరిగింది కనుక ఇంజను, బ్రేకు, స్టీరింగు సామాన్లకు కరువు లేదు. చేతక్‌దీ అదే సంగతి. దొరకనివి అద్దాలు, తలుపు పిడులు, మీటర్లు, రబ్బరు బీడింగులు. అందుకే వాటిని ఎప్పుడూ పారెయ్యకూడదు. విరిగినది కూడా నమూనాగా పనికొస్తుంది. అమెరికా కార్లకు విడిభాగాలు ఆగిపోయిన క్యూబాలో 1950ల కార్లను ఇప్పటికీ కుటుంబాలే నడుపుతున్నాయి. ఒక భాగం చూసి ఇంకొకటి తయారుచేసే లేత్ పనివాళ్లే అక్కడ వాటికి ప్రాణం పోశారు.

కొన్నింటికి జవాబు మన తోటల్లోనే ఉంది. పాత బళ్ల సీట్లలో స్పాంజి కన్నా ముందు కొబ్బరి పీచు ఉండేది. ఉద్దానం మనిషి తన కారు సీటుకు పీచు కోసం ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. జీడిపిక్క తొక్క నూనె నుంచి చేసే పదార్థం బ్రేకు లైనింగుల్లో, క్లచ్ ప్లేట్లలో కలుపుతారు. రాపిడికి వేడెక్కినా పట్టు జారకుండా అది కాపాడుతుంది. పలాసలో పప్పు తీశాక మిగిలే తొక్కకూ, ఘాటీ దిగుతున్న లారీ బ్రేకుకూ ఉన్న ఈ చుట్టరికం తెలిసినప్పటి నుంచి నాకు ఆ ఫ్యాక్టరీల ముందు తొక్క గుట్టలు వేరేగా కనిపిస్తున్నాయి.

ఇప్పటి పెట్రోలు పాత బళ్లకు కొత్త చిక్కు తెచ్చింది. 2000లో సీసం కలిపిన పెట్రోలు పోయింది, మన ఊపిరితిత్తులకు అది మేలు. పాత ఇంజన్లలో వాల్వు సీట్లు అరగకుండా హెడ్డు పని చేయించుకుంటే సరిపోయింది. ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ గాలిలో తేమను పీలుస్తుంది, పాత రబ్బరు పైపుల్ని మెత్తబరుస్తుంది. నెలల తరబడి కదలని బండి ట్యాంకులో నీరు అడుగుకు చేరి తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. తేమ ఎక్కువున్న మన తీరంలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. పైపులు, గాస్కెట్లు ఇథనాల్‌ను తట్టుకునేవి వేయించుకోవాలి. బండిని చాలాకాలం ఆపాల్సి వస్తే కార్బురేటరు ఖాళీ చేసి, బ్యాటరీ తీసేసి, చక్రాలు నేలకు ఆనకుండా దిమ్మల మీద ఎత్తిపెట్టాలి. టార్పాలిన్ బిగించి కప్పితే లోపల చెమటపట్టి తుప్పు పెరుగుతుంది, గాలాడే నూలు గుడ్డ మేలు. నెలకోసారి మంచినీళ్లతో అడుగుభాగం కడిగి ఎండలో ఆరబెట్టడం అన్ని పూతల కన్నా పెద్ద మందు. వీటన్నిటికన్నా తేలిక పని, పదిహేను రోజులకోసారి పది కిలోమీటర్లు తిప్పడం. నూనె అన్ని చోట్లకూ వెళ్తుంది, బ్రేకు పట్టెయ్యదు, ఎలుకలు వైరింగులో గూడు పెట్టవు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. పాతికేళ్లు పెంచిన చెట్టు పడిపోయిన రైతు ముందు బండి గురించి మాట్లాడటానికి ఆ రోజుల్లో ఎవరికీ నోరు రాలేదు. మా ఇంటి రేకుల షెడ్డు మీద కూడా కొబ్బరిచెట్టు పడింది. కింద నాన్న చేతక్. హ్యాండిలు వంగింది, లైటు పగిలింది, ఇంజను వైపు మూత మీద మొద్దు తగిలి సొట్ట పడింది. రోజుల తరబడి కరెంటు లేదు, లేత్ తిరగలేదు. కరెంటొచ్చాక మేస్త్రీ ముందు ఊళ్లో నీళ్ల మోటార్లు బాగుచేసి, తర్వాత మా బండి దగ్గరికొచ్చాడు. హ్యాండిలు సరిచేశాడు, ఫోర్కు చూశాడు, పెట్రోలు ట్యాంకు కడిగాడు. బండిని తన వైపు వంచి, నిలబెట్టి కిక్కు కొట్టాడు. నాలుగో కిక్కుకు అందుకుంది.

"సొట్ట కూడా తీసీమంటారా బాబూ, అరగంట పని" అన్నాడు. అమ్మ గుమ్మంలోంచి, వద్దు నాయనా, దాన్నలా ఉండనీ అంది. మొన్న రంగు వేయించినప్పుడు కూడా ఆ చోట కాగితం అంటించి వదిలేశారు. ఆ సొట్టలో ఇప్పటికీ పాత నీలం రంగు ఉంది.